ఖాళీ త్రిభుజాల అమ్మాయి

"సార్, ఆ మాట తప్పు."

సెమినార్ గదిలో వెనక బెంచీ నుంచి వచ్చిందా గొంతు. బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డ అమ్మాయికి ఒళ్లు మండిపోయింది. తప్పయితే తనతో చెప్పొచ్చుగా! తనేదో అక్కడ లేనట్టు గైడ్‌తో చెప్పడమేమిటి?

ఆమె రీసెర్చి అంతా చుక్కల మీదే. కాగితం మీద చుక్కలు పెట్టి మూడేసి చొప్పున కలిపితే త్రిభుజాలొస్తాయి కదా. వాటిలో లోపల గానీ అంచు మీద గానీ వేరే చుక్క లేనివి, అంటే ఖాళీవి, కనీసం ఎన్ని ఉండి తీరతాయి? చుక్కలు మరీ ఒకే గీతకి అంటుకుపోకుండా ఉంటే చాలు, ఫలానా సంఖ్యకి తగ్గవని ఆమె వాదన. ఏ రెండు చుక్కలు తీసుకున్నా అవి రెండు మూలలుగా ఒక ఖాళీ త్రిభుజం ఉంటుందన్నది దానికి పునాది.

"ఎందుకు తప్పో?" అంది పళ్లు నూరుతూ.

ఆ వెనక బెంచీ అతను డిపార్టుమెంటులో కొత్తగా చేరాడు. కంప్యూటర్‌తో చుక్కల అమరికలు వెతికించడం అతని పని. లేచొచ్చి బోర్డు మీద మూడు చుక్కలు ఒకే వరసలో పెట్టాడు. "ఈ చివరిదీ ఆ చివరిదీ తీసుకోండి మేడమ్. మధ్యలో ఇది కూర్చుంది. వీటిని కలిపి ఏ త్రిభుజం గీసినా అంచు మీద ఇదుంటుంది. ఇంక ఖాళీ ఎక్కడ?"

ఆమె తన నోట్సులో బొమ్మలు తిరగేసింది. ఇన్నాళ్లూ బొమ్మలన్నీ చేత్తోనే గీసింది. చెయ్యి దానంతటదే చుక్కల్ని విడివిడిగా, ముద్దుగా పెట్టేసింది. మూడింటిని ఒక్కసారి కూడా వరసలోకి రానివ్వలేదు. ఎంత మోసం చేసిందీ చెయ్యి!

"నెలాఖరులోగా సరిచెయ్యమ్మా. లేదంటే టాపిక్ మార్చేద్దాం," అన్నాడు గైడ్. అంటే ఇన్నేళ్ల కష్టమూ నీళ్లపాలే.

బయట వాన. వరండాలో అతను గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. "సారీ అండీ..."

"సారీ ఎవరిక్కావాలి? ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"వెతికితే ఉంటాయి."

"అయితే రోజూ పట్టుకురండి. నా రుజువుని పడగొట్టేవన్నీ తెండి. పడనిది ఒకటి మిగిలేదాకా వదిలేది లేదు."

"కొట్టరు కదా?"

"అది అప్పుడు చూద్దాం."

అతను మాట తప్పలేదు. రోజూ ఒక కొత్త అమరిక తెచ్చేవాడు, ఆమె రుజువు కూలేది, మర్నాటికల్లా మళ్లీ లేచేది. ఆమె అతనికి అడ్డుపుల్ల అని పేరు పెట్టింది. ఎప్పుడో 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది, ఇద్దరూ గమనించనే లేదు.

"రోజూ నీ పని తప్పని చెప్పడానికి వస్తాడా? అలాంటివాణ్ణి ఎందుకు రానిస్తున్నావే?" అని వాళ్లమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"పనికొస్తాడమ్మా."

"పనికొచ్చేవాడి కోసం ఇంతసేపు అద్దం ముందు నిలబడతారా?"

నెలాఖరు దగ్గర పడింది. ఆ రోజు అతను ఉత్త చేతులతో వచ్చాడు. "ఏం దొరకలేదు. నీదే రైటేమో."

మాట అంటూ కిటికీ వైపు చూశాడు. ఆమెకి అర్థమైపోయింది.

"దాస్తున్నావు."

"లేదు..."

"నా వైపు చూసి చెప్పు."

చూడలేకపోయాడు. "దొరికింది. నిన్న నీ మొహం చూశాక చెప్పబుద్ధి కాలేదు. నిద్ర లేదు, తిండి లేదు. నువ్వంటే నాకిష్టం, అందుకని..."

"ఇష్టమైతే గట్టిగా పడగొట్టాలి! తప్పుడు రుజువు పట్టుకుని నేను లోకం ముందు నిలబడితే నీకు సంతోషమా?" కళ్లనిండా నీళ్లు. "తియ్యి దాన్ని."

అతను సంచీలోంచి లాప్‌టాప్ తీసి తెరిచాడు. చుక్కలన్నీ మూడు గీతల మీద ఒద్దికగా సర్దుకున్నాయి. ఖాళీ త్రిభుజాలు లెక్కపెట్టింది. తనన్న సంఖ్య కంటే ఒకటి తక్కువ. మళ్లీ లెక్కపెట్టింది. అంతే.

కుర్చీలో కూలబడి రుజువు కాగితాలు ముందేసుకుంది. కాసేపటికి ఒక్కసారిగా లేచింది.

"ఓరి నాయనో! తప్పు రుజువుది కాదు, సంఖ్యది! లేని ఆ ఒక్క త్రిభుజం కోసమే ఇన్నాళ్లూ తల బాదుకున్నాను. దాన్ని వదిలేస్తే అన్నీ అతుకుతాయి!"

నిజంగానే అతికాయి. గైడ్ ప్రతి అడుగూ తవ్వి చూసి, కళ్లద్దాలు తీసి, "టాపిక్ మార్చక్కర్లేదమ్మా," అన్నాడు.

ఆమె నేరుగా అతని గదికి పరిగెత్తింది. గుమ్మంలోనే చెప్పేసింది. "నిలబడింది! ఇంకో మాట. నువ్వంటే నాకూ ఇష్టం. పెళ్లి చేసుకుందాం. కుదరదనడానికి ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పు. మొహమాటపడకు."

అతని మొహం వెలిగింది, అంతలోనే వాడిపోయింది. ఈసారి చూపు తిప్పుకోలేదు.

"ఒకటుంది. నాది టెంపరరీ ఉద్యోగం, వచ్చే ఏడాదికి అయిపోతుంది. తర్వాత ఎక్కడో, ఎంత దూరమో నాకే తెలీదు. ఇక్కడే ఉంటానని మాటివ్వలేను."

ఆమె కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది.

"దాచకుండా చెప్పావు కదా, చాలు. ఇక దీని సంగతి ఇద్దరం కలిసి చూద్దాం."