ఇంటికి పంపనన్న ఆసుపత్రి

ఆ ఇంటి కోడలు పుట్టి బుద్ధెరిగాక ఏడ్చి ఎరగదు! ఆమె కళ్లు ఎండాకాలపు బావులు, ఎంత తోడినా చుక్క రాదు... రంగులు వేసే మొగుడు పరంజా మీద నుంచి జారిపడ్డాడన్న కబురు అందేదాకా అందరూ అలాగే చెప్పుకున్నారు. అందాక చూడాలి! కుట్టుమిషన్ ముందు కూర్చున్నది కూర్చున్నట్టే బావురుమంది. ఆ ఇంట్లోంచి లేచిన ఏడుపుకి వీధి చివరి కొట్టాయన ఉరుములనుకుని సరుకంతా లోపల సర్దుకున్నాడు!

తొడ ఎముక రెండు ముక్కలైంది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. మర్నాడు పొద్దున్నే అత్తాకోడళ్లు దుప్పట్లు మూటగట్టుకుని, ఆటో కూడా పిలిపించుకుని వార్డు బయట బెంచీ మీద సిద్ధంగా కూర్చున్నారు. వాళ్లెరిగిన ఆసుపత్రి అంతే మరి! కట్టు కడతారు, "ఇక ఇంటి దగ్గర చూసుకోండి" అంటారు. మామగారికి కాలు విరిగినప్పుడూ అలాగే పంపేశారు; పోయేదాకా ఒక కాలు ఈడ్చుకుంటూనే తిరిగాడు పాపం. ప్రభుత్వ బీమా నెలజీతాల వాళ్లకే. కూలివాళ్లకు దక్కేది ఇంటిదారి. వాళ్లింట్లో ఆసుపత్రి పంపకుండా ఉంచుకున్నది అత్తగారి అన్నగారినొక్కరినే... ఆయన ప్రాణాలతో తిరిగి రాలేదు.

సరిగ్గా అప్పుడే, "డాక్టరుగారు ఇంటికి పంపరట!" అన్న వార్త ఊడిపడింది. మోసుకొచ్చిన మహానుభావుడెవరన్నది ఇప్పుడు అప్రస్తుతం.

"అయిపోయిందే తల్లీ... నా కొడుకు అయిపోయాడే!" అత్తగారు కోడల్ని వాటేసుకుంది. పెళ్లయ్యాక అదే మొదటిసారి! "నిన్ను ఎంత సతాయించానే! నీ మిషన్ చప్పుడుకి తలనొప్పని రోజూ మూలిగాను చూడు, అంతా నాటకమే. ఆ చప్పుడు లేకపోతే నాకు మధ్యాహ్నం కునుకే పట్టదు!"

"అత్తయ్యా... మీ గాజు జాడీ పగలగొట్టింది పిల్లి కాదు, నేనే!"

"తెలుసులేవే... మనింట్లో పిల్లెక్కడిది?"

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తడిపేస్తుంటే వార్డు గుమ్మం తెర వెనక మంచం మీంచి నీరసంగా ఒక గొంతు వినిపించింది. "అమ్మా... నేను పోయేలోపు ఒప్పుకోవాల్సినవి ఇంకేమైనా మిగిలాయా? నిద్రొస్తోంది."

డాక్టరమ్మ నవ్వాపుకోలేక బయటికొచ్చింది. "ఎవరు పోతున్నారమ్మా? ఈ ఏడాది నుంచి బీమా కూలిపనివాళ్లకీ వర్తిస్తోంది. అందుకే అప్పుడే ఇంటికి పంపం అన్నాను. పై అంతస్తులో నడక నేర్పే వార్డుంది. తిన్నగా నడిచాకే ఇల్లు!"

"నడుస్తాడా?" కోడలు డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "మళ్లీ... మామూలుగా?"

"నేర్పిస్తే నడుస్తాడు. మంచాన పడేస్తే బిగుసుకుపోతాడు."

కోడలు నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది! అత్తగారు మాత్రం గోడకు చేరగిలబడింది. "మీ మామయ్యకీ ఇలా నేర్పేవాళ్లుంటే..." అంది మెల్లగా. "మెట్లెక్కలేకపోతే సోమరితనమని తిట్టేదాన్నే..."  కోడలు ఆవిడ చేతిని తన ఒళ్లోకి తీసుకుంది.

చాలా రోజులకు అతను పై అంతస్తు వార్డులో, పట్టుకుని నడిచే రెండు కమ్మీల మధ్య నిలబడ్డాడు. చెమటలు కక్కుతూ ఒక అడుగు... ఇంకో అడుగు! ఆఖరికి కమ్మీ వదిలేశాడు! "నా బంగారు తండ్రీ!" అని అత్తగారు పెట్టిన కేకకి పక్క వార్డులో విరిగిన కాళ్లవాళ్లంతా లేచి నిలబడ్డారు!

కథ ఇక్కడిదాకా వచ్చాక గుర్తొచ్చింది, వింటున్న కోడలికి. "ఔను గానీ... అసలు ఆ రోజు ఇంటికి పంపరని మన గుండెలాపేసింది ఎవరు?"

అందరూ ఇటే తిరిగారు. "ఏమయ్యా మరిదీ! ఇంతసేపూ కథ బాగానే చెబుతున్నావు. ఆ మహానుభావుడి సంగతి చెప్పవేం?"

సరే వదినా, నేనే! 'ఇంటికి పంపం' దాకా విని పరుగెత్తుకొచ్చాను. అన్నయ్య పోతాడనుకుంటే మిగతా మాట చెవికెక్కలేదు. ఇంకోటి కూడా... కొట్టాయన సరుకు సర్దుకున్న ఆ ఏడుపు నీది కాదు. నువ్వప్పటికే చెప్పుల్లేకుండా ఆసుపత్రి దారి పట్టావు.

ఇంట్లో కూర్చుని ఏడ్చింది నేను.