చప్పుడు చెయ్యని బీరువా

పగటిపూట, పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య ఫోన్ పోయింది.

పాత ఫోన్. బీరువాలో దుప్పట్ల అడుగున దాచింది. వీధి తలుపు తాళం పగల్లేదు. దుప్పట్ల పక్కనే ఉన్న నగల డబ్బా కదల్లేదు.

"నగలు పోయినా ఇంత బాధపడేదాన్ని కాదు సార్," అంది ఆ ఇంట్లో అద్దెకుంటున్న ల్యాబ్ టెక్నీషియన్. "రేపు విడాకుల పిటిషన్ వేస్తున్నాను. మా ఆయన నన్ను బెదిరించిన మాటలన్నీ ఆ ఫోన్లోనే ఉన్నాయి. బయట ఆయనంత మంచివాడు లేడు. అవి లేకపోతే నా మాట ఎవరు నమ్ముతారు?"

ఇన్‌స్పెక్టర్ తల ఊపాడు. ఒక్కో ప్రశ్న మూడేసి సార్లు అడుగుతాడని స్టేషన్లో ఆయన్ని చాటుగా 'నస' అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"ఫోన్ ఇక్కడుందని ఎవరికి తెలుసు?"

"మా అన్నయ్యకొక్కడికే."

"ఇంటి తాళం చెవులు?"

"నా దగ్గరొకటి. అన్నయ్య దగ్గరొకటి. కింద ఓనరుగారి దగ్గరొకటి."

"మీ ఆయన దగ్గర?"

"ఆయనకి ఈ ఇల్లే తెలీదు సార్. నాలుగు నెలలుగా అడ్రస్ దాచుకుని బతుకుతున్నాను."

ఇన్‌స్పెక్టర్ బీరువా తెరిచాడు. ఓనరుగారి తాతల కాలం నాటి ఇనప బీరువా. ఒళ్ళంతా తుప్పు. తలుపు మాత్రం కిక్కురుమనకుండా వచ్చేసింది. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"ఇది మొదటినుంచీ ఇంతేనా?"

"కాదండీ. వచ్చిన కొత్తలో తెరిస్తే వీధంతా వినబడేది. నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఓనరుగారు మనిషిని పంపి బాగుచేయించారు. కారే కుళాయి కూడా. వెళ్ళి థ్యాంక్స్ చెప్పాను."

ఇన్‌స్పెక్టర్ కిందికి దిగాడు. మెట్ల మీద బల్బు లేదు. హోల్డర్‌లో సాలీడు కాపురం పెట్టింది. ఆయన కాసేపు అక్కడే నిలబడ్డాడు.

సాయంత్రం నాలుగింటికి ముగ్గురినీ బీరువా ఉన్న గదికే పిలిపించాడు. ఓనరు, అన్నయ్య, భర్త. భర్త లిఫ్ట్ మెకానిక్. పని దగ్గర్నుంచి నేరుగా వచ్చాడు, భుజాన టూల్ బ్యాగ్‌తో. నోట్లో వేలు పెడితే కొరకలేడు అన్నట్టుగా ఉన్నాడు.

"ఈ ఇంటికి ముందెప్పుడైనా వచ్చారా?"

"లేదండీ."

"ఎప్పుడూ?"

"లేదన్నాను కదండీ."

"ఒక్కసారి కూడా?"

"ఇదే మొదలు."

ఇన్‌స్పెక్టర్ ఓనరు వైపు తిరిగాడు. "మెట్ల మీద బల్బుకే చెయ్యి రాని మీరు, అద్దెకున్నవాళ్ళ బీరువా బాగుచేయించారా?"

ఓనరు మెడ తుడుచుకున్నాడు. "నేను చేయించలేదండీ. ఆ అమ్మాయే వచ్చి థ్యాంక్స్ అంది. ఊరికే వచ్చిన మంచిపేరు, కాదనడం దేనికని ఊరుకున్నాను."

"ఎవడు చేశాడో గానీ చేతకాని పని," అన్నాడు ఇన్‌స్పెక్టర్ బీరువా వైపు చూస్తూ. "పై మడతబందు వంకరగా బిగించాడు. నెల తిరక్కుండా తలుపు ఊడి కాళ్ళ మీద పడుతుంది."

"పడదు," అన్నాడు భర్త.

"పడుతుంది."

"పడదండీ. వంకరేం లేదు. వాషర్ వేసి మరీ బిగించాను."

ఇన్‌స్పెక్టర్ గుమ్మం దగ్గరున్న కానిస్టేబుల్‌కి సైగ చేశాడు. అతను టూల్ బ్యాగ్ తెరిచాడు. స్పానర్ల అడుగున పాత ఫోన్ ఉంది. రికార్డింగుల్లో ఒక్కటీ మిగల్లేదు.

"దొంగ ఏం పట్టుకుపోయాడా అని అందరం చూశాం. ఏం చేసిపోయాడో ఎవరం చూడలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రికార్డింగులు పోయాయని దిగులు పడకమ్మా. దొంగతనంగా ఇంట్లో జొరబడ్డ కేసు రాస్తాను. రేపు ఎఫ్ఐఆర్ కాపీ మీ పిటిషన్‌కి జతచెయ్యండి."

"బాగుచెయ్యడం కూడా నేరమేనా సార్?" భర్త గొంతులో నిజంగానే బాధ ఉంది. "పెళ్ళాం అవస్థ పడుతుంటే చూస్తూ ఊరుకోమంటారా?"

అది విని అన్నయ్య నిజమేనన్నట్టు తల ఊపాడు.

"ఆ ఇంట్లో నా బ్యాగ్ ఆయనే సర్దేవాడు సార్," అంది ఆమె. "నా ఫోన్ ఆయనే చూసేవాడు. నా స్నేహితుల్ని కూడా ఆయనే ఏరి పారేశాడు. అన్నీ నా మంచికేనట. ఒక్క తలుపైనా నేను తీస్తేనే తెరుచుకోవాలని ఇక్కడికొచ్చాను." ఆమె గొంతులో భయంకన్నా అవమానం ఎక్కువగా ఉంది.

"తాళం చెవి ఎవరిచ్చారు?"

ఈ ప్రశ్న రెండోసారి అడగాల్సిన అవసరం రాలేదు.

"నేనే," అన్నాడు అన్నయ్య. "ఫోన్ సంగతీ నేనే చెప్పాను. బావ నా దగ్గర కూర్చుని ఏడ్చాడమ్మా. కాపురం నిలబడుతుందేమోనని..."

"ఎప్పుడిచ్చావు?" అని అడిగింది ఆమె.

"నువ్వు ఇందులో దిగిన వారానికే."

ఆమె మంచం అంచున కూలబడింది. ఈ నాలుగు నెలలూ తలుపుకి తాళం వేసుకున్నానన్న ధీమాతో హాయిగా నిద్రపోయింది. పోయిన ఆ రాత్రులన్నిటి నిద్రా ఇప్పుడు ఒక్కసారిగా చెడింది.

భర్తను జీపెక్కించారు. ఓనరు కిందికి దిగిపోయాడు. అన్నయ్య మాత్రం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"రేపు కోర్టుకి నేను తీసుకెళ్తానమ్మా. పొద్దున్నే బండి తెస్తాను."

"వద్దులే అన్నయ్యా. బస్సులో వెళ్తాను."

అతను మెట్లు దిగిన చప్పుడు ఆగాక ఆమె లేచి, లోపల గడియ పెట్టుకుంది.