ఒకే ట్యాంకు

నర్సీపట్నంలో ఆ రోజు మధ్యాహ్నం నుంచే మబ్బు కమ్మేసింది. నాలుగు కూడా కాలేదు, దీనా గదిలో చీకటి పడినట్టుంది. కరెంటు లేదు. ల్యాప్‌టాప్ వెలుగులో ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి. లెక్క వేసేటప్పుడు అంకెలు పైకి చదవడం చిన్నప్పటి అలవాటు.

"ఏటే, అంకెల్తోటి ప్రార్థన సేత్తన్నావా? బేగి వచ్చి టీ తాగు," వంటింట్లోంచి అరిచింది నానమ్మ ప్రేమావతి.

"ఐదింటికల్లా రిపోర్టు పంపాలి నానమ్మా. ఇది ఓకే అయితే ఉద్యోగం పర్మినెంటు."

అదో అణు విద్యుత్ కేంద్రం. ఇంకా కట్టలేదు, కాగితాల మీదే ఉంది. అక్కడ ఘోర ప్రమాదం జరిగే అవకాశం ఎంతో తేల్చడం దీనా పని. బయటి కరెంటు పోతే, ఇంధనాన్ని చల్లబరిచే పంపులకు రెండు డీజిల్ జనరేటర్లు దిక్కు. ఒకటి మొరాయించేది వందసార్లలో ఒకసారి. వందని వందతో హెచ్చిస్తే, రెండూ మొరాయించేది పదివేలలో ఒకసారి.

కానీ రెండింటికీ డీజిల్ వచ్చేది ఒకే ట్యాంకు నుంచి. అందులో నీళ్లు చేరితే రెండూ కలిసే ఆగుతాయి. ఆ సంగతి నలభై ఏడో వరసలో రాసింది. ఆ వరస ఉంటే ప్రమాదం అంకె హద్దు దాటిపోతోంది.

వరస తీసేసింది. సంతకం పెట్టి పంపేసింది.

ఫోన్ మోగింది.

"మేడమ్..." ఎవరో మగమనిషి గుసగుస. ఆయాసపడుతున్నాడు. "రెండోది కూడా స్టార్ట్ అవలేదు..."

"ఎవరండీ? ఏది రెండోది?"

అతను ఆ కేంద్రం పేరు చెప్పాడు.

"అది... ఇంకా కట్టలేదండీ."

"ట్యాంకులో నీళ్లు చేరాయి మేడమ్. మీ రిపోర్టు నా ముందే ఉంది. ఇలా జరగదని రాశారు..."

వెనకాల అలారం. దాని కింద, సన్నగా, ఒక ఆడగొంతు. "నలభై ఒకటి... నలభై..."

"ఏంటి లెక్కపెడుతున్నారు?"

"ఇంధనం మీద మిగిలిన నీళ్లు. అంగుళాల్లో."

ఫోన్ కట్టయింది. గది నిండా కాలిన డీజిల్ వాసన.

దీనా ఆ వరస మళ్లీ చేర్చింది. ముందుది వాడొద్దని రాసి పంపింది. రెండు నిమిషాల్లో బాస్ సూర్యప్రకాష్ జవాబు. "మొదటిదే పైకి పంపేశాం. ఓకే అయింది. కంగ్రాట్స్!"

మళ్లీ ఫోన్ మోగింది. దీనా ముట్టుకోలేకపోయింది. టీ గ్లాసు తెచ్చిన నానమ్మే ఎత్తింది.

"ఎవులండీ?..." ఆమె మొహం మారింది. "ఎవులో ఏడుస్తన్నాడే. ఎనకాల ఎవర్తో అంకెలు సెప్తంది..." ఫోన్ చెవికి నొక్కుకుంది. "అచ్చం నీ గొంతే."

"ఏ అంకె నానమ్మా?"

"మూడు... రెండు..."

దీనా రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది.

"ఆపీసిందే," అంది నానమ్మ.

దీనా చేతులు తియ్యలేదు. వాటి కింద... ఆమె పెదాలు కదులుతున్నాయి.