రెండో చానెల్లో బొమ్మ

"వానలో తడిశావా బాబూ?" అని మినోరి తండ్రి ఇసావో గుమ్మంలోనే అడిగాడు.

"లేదండి," అన్నాడు తెప్పేయ్. అతని చొక్కా చేతుల నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా నేల మీద పడుతున్నాయి.

"దారి తెలిసిందా?"

"అవునండి."

"మీ ఊళ్లోనూ ఇలాగే కురుస్తోందా?"

తెప్పేయ్ ఇసావో భుజం మీదుగా మినోరి వైపు ఒక చూపు విసిరాడు. పరీక్ష హాల్లో పక్కవాడి పేపరు కోసం వెతికే పిల్లాడి చూపు అది. మినోరి కళ్లు ఒకసారి గట్టిగా మూసి తెరిచింది.

"అవునండి," అన్నాడు.

ఈ అబ్బాయికి వచ్చినవి రెండే మాటలా అన్నట్టు ఇసావో కూతుర్ని చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

నిజానికి తెప్పేయ్ వాగుడుకాయ. మినోరి అతణ్ణి ఇష్టపడిందే ఆ మాటలు విని. రెండేళ్ల కిందట ఆమె పనిచేసే పళ్ల ఆసుపత్రి భవనంలో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఆమె ఒక్కతే. బాగుచేయడానికి వచ్చిన తెప్పేయ్ పని చేస్తూనే తలుపు అవతల నుంచి నలభై నిమిషాలు కబుర్లు చెప్పాడు. తన బడిలో తాబేలు ఎలా తప్పిపోయిందో, మళ్లీ ప్రిన్సిపాల్ గారి బూటులో ఎలా దొరికిందో వింటూ ఆమె ఏడుపు మర్చిపోయింది. తలుపు తెరుచుకున్నాక, ఇంకాసేపు ఆగి ఉంటే బాగుండేదని కూడా అనిపించింది.

చిక్కల్లా ఆ మాటల యాసతోనే వచ్చింది. తెప్పేయ్ పుట్టి పెరిగింది టోక్యోలో. ఒసాకాలో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే షాపు నడిపే ఇసావోకి టోక్యో పేరు చెబితేనే గిట్టదు. ఆయన ఒక్కగానొక్క చెల్లెలు సుమియే టోక్యో అబ్బాయిని చేసుకుని వెళ్లి ముప్పై ఏళ్లయింది. ఈ ముప్పై ఏళ్లలో పుట్టింటికి వచ్చింది మూడుసార్లు. అందులో రెండు చావులకి. టోక్యోవాడెవడైనా పిల్లనడగడానికి వస్తే కీడు పోవడానికి గుమ్మంలో ఉప్పు చల్లి పంపిస్తానని షాపుకి వచ్చేవాళ్లతో కూడా అనేవాడు.

అందుకని మినోరి ఒక అబద్ధం ఆడింది. అబ్బాయిది ఒసాకా పక్కనున్న కోబె అవతల చిన్న ఊరని చెప్పింది. తర్వాత మూడు వారాలు అతనికి ఒసాకా మనిషిలా ఉండటం నేర్పింది. ఎస్కలేటర్ మీద కుడి పక్కన నిలబడటం ఒక్క రోజులో వచ్చేసింది. యాస మాత్రం రాలేదు. అతను ఆ యాసలో నోరు తెరిస్తే పిల్లి కష్టపడి మొరిగినట్టు ఉండేది. నిజం చెప్పేద్దామని అతను ఎన్నోసార్లు అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. నాన్న ఒకసారి కాదంటే మళ్లీ అవుననడు. నాన్నని కాదని వెళ్లిపోయే ధైర్యం తనకి లేదని ఆమెకు బాగా తెలుసు. ఇవాళ ఆయన నోటి నుంచి సరే అనే మాట రాకపోతే, ఇక ఎప్పటికీ రాదు.

"నువ్వేం మాట్లాడకు. అవునండి, లేదండి. అంతే," అని చెప్పి రమ్మంది.

ఇప్పుడు అతను బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని టీ తాగుతున్నాడు. ఇసావో లిఫ్టుల గురించి అడిగాడు, జీతం గురించి అడిగాడు, తల్లిదండ్రుల ఆరోగ్యం గురించి అడిగాడు. అన్నింటికీ అవే రెండు మాటలు. చివరికి ఆయన ఖాళీ టీ కప్పు పట్టుకుని వంటింట్లోకి వెళ్లాడు. ఆ ఇంట్లో గోడలు కాగితమంత పల్చన. అక్కడ గుసగుసలాడినా ఇక్కడికి వినిపిస్తుంది.

"మనిషా అతను, గోడా? పిల్ల గోడతో కాపురం చేస్తుందా కజుయో?"

"మా నాన్న ముందు కూర్చున్నప్పుడు నువ్వెంత మాట్లాడావేం," అంది మినోరి తల్లి, ఉడికే పులుసులోంచి గరిటె తీయకుండానే. "దగ్గు వచ్చినా బయటికెళ్లి దగ్గి వచ్చావు."

మినోరి తల ఎత్తలేదు. తెప్పేయ్ బల్ల కింద ఆమె చిటికెన వేలు పట్టుకుని, ఆయన అడుగుల చప్పుడు వినగానే వదిలేశాడు.

ఇసావో చేతిలో ఈసారి కప్పు లేదు. తెలుపు, ఎరుపు రంగుల పాత వీడియో గేమ్ పెట్టె ఉంది. తెలుపు కాస్తా పాత పళ్ల రంగుకు తిరిగింది. పంతొమ్మిదేళ్లప్పుడు తన మొదటి జీతంతో కొన్నానని, తనూ చెల్లెలూ దీనికోసం కొట్టుకునేవాళ్లమని చెప్పాడు. పెళ్లయి వెళ్తూ సుమియే దీన్ని పట్టుకెళ్లింది. ఇప్పుడు ఇల్లు మారుతున్నామని పోయిన నెల పార్సెల్లో తిరిగి పంపింది. పది రోజులుగా కుస్తీ పడుతున్నాడు, బొమ్మ రావడం లేదు.

"లిఫ్టులు లేపేవాడివి కదా. దీన్ని లేపు చూద్దాం."

మూల ఉన్న పాత డబ్బా టీవీ ముందు తెప్పేయ్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేతికి పని దొరకగానే అతని ముఖం మారిపోయింది. మినోరికి ఆ ముఖం తెలుసు. టీవీ వేస్తే తెర నిండా చుక్కలు, గరగర చప్పుడు. అతను ముందు కరెంటు అడాప్టర్ చూశాడు. సరైనదే, వేడెక్కుతోంది కూడా. తర్వాత పెట్టె నుంచి టీవీ యాంటెనాకి వెళ్లే తీగ విప్పి, తుప్పు గీకి బిగించాడు. చుక్కలు. క్యాసెట్ తీశాడు. ఇసావో అలవాటుగా అందులోకి ఊదబోయాడు. తెప్పేయ్ క్యాసెట్‌ని మర్యాదగా పక్కకు జరిపి, దూది పుల్లతో దాని పళ్లు తుడిచాడు. దూది నల్లబడింది. క్యాసెట్ పెట్టాడు. మళ్లీ చుక్కలే.

"ఎవరు చేసినా ఇంతే," అన్నాడు ఇసావో. గొంతులో దిగులు దాగలేదు. "టోక్యో వెళ్లింది ఏదీ సరిగ్గా తిరిగి రాదు."

మినోరి గుండెల్లో రాయి పడింది. తెప్పేయ్ ఆ మాట విన్నాడో లేదో. అతని కళ్లు టీవీ మీదున్నాయి. చానెల్ నంబరు ఒకటి దగ్గరుంది. అతను చెయ్యి చాపి, గుండ్రటి మీట పట్టుకుని ఒక్క మెట్టు తిప్పాడు.

చుక్కలు మాయమయ్యాయి. నల్లటి తెర మీద రంగురంగుల అక్షరాలు వెలిగాయి. టింగుటింగుమంటూ పాట మొదలైంది.

మినోరి చప్పట్లు కొట్టింది. తెప్పేయ్ ఇంత ముఖం చేసుకుని వెనక్కి తిరిగాడు. ఇసావో మాత్రం తెర వైపు చూడటం లేదు. ఆ మీట వైపు చూస్తున్నాడు.

"రెండులో ఎందుకు పెట్టావు?" అని నెమ్మదిగా అడిగాడు.

"ఎప్పుడూ రెండే కదండీ! మా మేనమామ గారింట్లోనూ ఇలాంటిదే ఉండేది. టీవీ రెండులో పెట్టు, పెట్టె మీద కూర్చోకు అని మాకు రోజూ చెప్పేవారు," అన్నాడు తెప్పేయ్. ఒక్క ఊపిరిలో అన్నాడు. అచ్చమైన టోక్యో యాసలో అన్నాడు.

పాట ఒక్కటే మోగుతోంది. తెప్పేయ్ చేత్తో నోరు మూసుకున్నాడు. తేలు కుట్టిన దొంగ కూడా అంతకన్నా బాగా దాచుకునేవాడు.

ఇసావో పెట్టెను తిప్పి వెనక చూశాడు. అక్కడ గోరంత బుడిపె ఒకటి ఉంది. దానికి ఒక వైపు ఒకటి, మరో వైపు రెండు అంకెలు. బుడిపె రెండు వైపుంది.

"ఒసాకాలో ఆ రోజుల్లో రెండో చానెల్లో వార్తలొచ్చేవి. ఒకటి ఖాళీ. ఆట బొమ్మకి ఖాళీ చానెల్ కావాలి, అందుకని ఈ ఊళ్లో ప్రతివాడూ ఆట ఒకట్లో పెట్టేవాడు," అన్నాడు ఆయన, కూతురికి పాఠం చెబుతున్నట్టు. "టోక్యోలో దీనికి తలకిందులు. అక్కడ ఒకట్లో వార్తలు, రెండు ఖాళీ. సుమియే అక్కడికెళ్లి ఈ బుడిపె జరిపింది. పది రోజులు నేను ఒకట్లో వెతికాను. పెట్టెకేం రోగం లేదు." ఆగాడు. "కోబె పిల్లాడెవడూ రెండులో పెట్టడు, అమ్మాయ్."

మినోరి ముందుకు జరిగింది. తనే అబద్ధం చెప్పానని, అతను వద్దన్నాడని చెప్పాలనుకుంది. సగం మాటలే వచ్చాయి. మిగతా సగం కన్నీళ్లలో కలిసిపోయాయి.

తెప్పేయ్ చాప మీద చేతులు ఆనించి తల వంచాడు. "నాది టోక్యోనండి. తప్పు ఇద్దరిదీ. నోరు తెరిస్తే దొరికిపోతానని వచ్చినప్పట్నుంచీ మూసుకుని కూర్చున్నాను."

"అందుకా మాట్లాడలేదు?"

"అందుకేనండి. మామూలుగా అయితే నన్ను ఆపడం కష్టం."

ఇసావో భుజాలు మెల్లగా కిందికి దిగాయి, నీళ్ల బిందె దించుకున్న మనిషిలా.

"ఇంతేనా," అన్నాడు. "నేనేమనుకున్నానో తెలుసా? మేమంటే చిన్నచూపేమో, వేరే సంసారం ఉందేమో, పిల్ల బలవంతం మీద వచ్చాడేమో అనుకున్నాను. దాచింది ఊరి పేరేనా?"

మినోరి కళ్లు తుడుచుకోవడం ఆపి తండ్రిని చూసింది. నవ్వాలో ఏడవాలో ఆమెకు తోచలేదు.

"కానీ ఒకటి అడుగుతాను, తిన్నగా చెప్పు," అన్నాడు ఇసావో. "మినోరినీ టోక్యో తీసుకుపోతావా, సుమియేని తీసుకుపోయినట్టు?"

తీసుకెళ్లనని చెప్పెయ్, అని మినోరి మనసులో అరిచింది.

"ఒసాకా కావాలని నేనే అడిగి వచ్చానండి. ఇక్కడే ఉండాలని ఉంది," అన్నాడు తెప్పేయ్. "కంపెనీ రేపు ఎక్కడికి పంపిస్తుందో మాత్రం తెలియదు. ఎప్పటికీ వెళ్లనని మాటిస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. ఎక్కడున్నా మేం వస్తాం. పిలవకపోయినా వస్తాం. మళ్లీ వచ్చారా అని మీరు విసుక్కునేదాకా వస్తాం."

పెట్టెకు రెండు పక్కలా రెండు రిమోట్లున్నాయి. మొదటిది ఇసావో తీసుకున్నాడు. రెండోదాన్ని తెప్పేయ్ ఒళ్లో పెట్టాడు.

"దాంట్లో మైకు ఉంటుంది, తెలుసా?"

"తెలుసండి. మాట్లాడితే టీవీలో వినిపిస్తుంది."

"వచ్చినప్పట్నుంచీ నీ గొంతే వినలేదు. వచ్చిన పనేమిటో అందులో చెప్పు. నీ యాసలోనే చెప్పు."

తెప్పేయ్ రిమోట్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. పాత టీవీలోంచి గరగరమంటూ, టోక్యో యాసతో, గది నిండా ఒక గొంతు వినిపించింది. "మినోరి అంటే నాకు చాలా ఇష్టమండి. మమ్మల్ని పెళ్లి చేసుకోనివ్వండి."

ఇసావో వంగి అతని చేతిలోని రిమోట్ తన వైపు లాక్కున్నాడు. గొంతు సవరించుకున్నాడు. అదీ టీవీలో పెద్దగా వినిపించింది.

"సరే," అంది టీవీ.

మినోరి రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. వేళ్ల సందుల్లోంచి చూస్తే తెప్పేయ్ ఆమెనే చూస్తున్నాడు. చెవులు ఎర్రబడిపోయాయి. అప్పటికే ఏదో చెప్పడం మొదలుపెట్టాడు, ఆగేలా లేడు.

వంటింట్లోంచి కజుయో గొంతు వినిపించింది. "అంతా విన్నాను. ఊడోన్ నూడుల్స్ పులుసులో నానిపోతున్నాయి, రండి. ఆ టీవీలో మాట్లాడిన అబ్బాయిని కూడా తీసుకురండి, గిన్నె పెట్టేశాను."