మూడో అడ్డుపలక

ఉదయం 9:40కి సముద్రం మీది పన్నెండు పోషక తొట్లలోనూ కవ్వాలు ఒక్కసారిగా ఆగాయి. ఆపింది ఆరో తొట్టి కాపరి నూకరత్నం.

అరవై ఒక్క రోజులుగా ఆ తొట్టి మీద ఉన్నది ఆమె ఒక్కతే. పక్క తొట్టి కాపరి ఎవరో ఆమెకు తెలియదు. కాపరుల మధ్య మాటతీగ ఉండదు. గట్టుతో మాత్రం రోజుకు నాలుగు నిమిషాలు.

కవ్వం తిరిగితే తొట్టిలోని పోషక రసం కూడా దానితోపాటు సుడి తిరుగుతుంది, కలవదు. ఆ సుడిని విరగ్గొట్టేవి లోపలి గోడకు నిలువునా బిగించిన నాలుగు అడ్డుపలకలు. వాటిమీద ఎంత బలం పడుతోందో గట్టున ఉన్న సమభాగిని అనే లెక్కయంత్రం అంచనా వేస్తుంది. కవ్వం లాగే శక్తిని బట్టి మొత్తం తీసి, నాలుగుతో భాగిస్తుంది. ఆ ఉదయం పలకకు 6,200 న్యూటన్లని చూపింది. 8,000 దాటితేనే అది కవ్వాన్ని ఆపుతుంది.

తొమ్మిదింటికి నూకరత్నం తొట్టి చుట్టూ నడిచింది. ఉక్కు ఊచ ఒక కొస గోడకు, రెండో కొస చెవి వెనక ఎముకకు ఆనించి వినడం పాత కాపరుల పద్ధతి. మొదటి పలక దగ్గర అదురు వచ్చింది. రెండో దగ్గరా వచ్చింది. మూడో దగ్గర రాలేదు. నాలుగో దగ్గర అదురుకు ఊచ చేతిలో నిలవలేదు.

"నాయుడూ, మూడో పలక మొయ్యట్లేదు. దాని వాటా మిగతా మూడూ మోత్తన్నాయి."

"సమభాగినిలో అంతా బాగానే ఉందప్పా," అన్నాడు గట్టు మీది బంగార్నాయుడు. "కబుర్లు కావాలంటే సెప్పు, ఈ నాలుగు నిమిషాలూ నీయే. పలక మీదెందుకు పెడతావు?"

"కబుర్లకి నువ్వేటి దొరికావురా నాకు! మొత్తం 24,800. మూడుతో భాగించి సూడు."

నాయుడు భాగించి చూశాడు.

"ఎనిమిది వేలు దాటతాది. కానీ ఊచ సాక్ష్యం సమభాగినికి సెల్లదప్పా."

"పలక తెగి కవ్వంలో పడితే గోడ సీలిపోద్ది. నానున్నది ఆ గోడ మీదే."

చేత్తో ఆపే మీట తీసేసి రెండేళ్లయింది. సమభాగిని లెక్కలో కాపరి మార్చగల గడి ఒక్కటే మిగిలింది: పలకల సంఖ్య. అది పన్నెండు తొట్లకూ ఉమ్మడి.

"దాన్ని ముట్టుకోకప్పా! అన్నీ ఆగిపోతాయి. అరగంట కలపకపోతే రసం సచ్చిపోద్ది. ఆరూళ్ల తిండి, పది రోజులది!"

నూకరత్నం నాలుగు చెరిపి మూడు వేసింది. పన్నెండు తొట్లలోనూ లెక్క ఎనిమిది వేలు దాటింది.

కవ్వాలు ఆగగానే అత్యవసర తీగ తెరుచుకుంది. పదకొండు తొట్ల నుంచి ఒకేసారి గొంతులు వచ్చాయి. ఆమె మూత తీసి ఊచతో మూడో పలకను నెట్టింది. అది ఊగింది. పై అతుకు లేదు.

"మీ పలకలు నెట్టి సూడండర్రా," అంది తీగలో.

"ఎవులే నువ్వు?" అని ఒక ఆడగొంతు.

"ఆరో తొట్టి. నూకరత్నాన్ని."

"నాను పదకొండు. సోములమ్మని." కొంతసేపటికి మళ్లీ అదే గొంతు: "నా రెండోది ఊగతందే."

10:10కి అరగంట నిండింది. గట్టున ఆ గడిలోని మూడును ఎవరూ మళ్లీ నాలుగు చెయ్యలేదు.