కుడివైపు జేబు

దేవసహాయం తన స్టూడియోలోనే వెల్లకిలా పడి ఉన్నాడు. నుదుటి మీద లోతైన గాయం.

ఎస్సై శారోన్ వచ్చేసరికి మధ్యాహ్నం 12:10. ప్రాణం పోయి గంట కాలేదన్నాడు డాక్టర్.

ట్రైపాడ్ మీద పాత మీడియం ఫార్మాట్ కెమెరా. దాని వెనక ఇన్‌స్టంట్ ఫిల్మ్ బ్యాక్, తీసిన ఫోటో అప్పటికప్పుడే బయటికొచ్చే పెట్టె. కొత్తగా తెప్పించుకున్నాడు. అసలు ఫిల్మ్ వాడేముందు లైటింగ్ కుదిరిందో లేదో దాంతో ఒక ఫోటో తీసి చూసుకునేవాడు. షట్టర్ నొక్కే కేబుల్ ఇంకా ఆయన గుప్పిట్లోనే ఉంది. బ్యాక్ లోంచి సగం బయటికొచ్చి ఒక ఫోటో.

అందులో ఒక మగమనిషి. ముఖం చీకట్లో కలిసిపోయింది. చొక్కా, పైకెత్తిన చెయ్యి, చేతిలో ఇనుప స్టాండు మాత్రం స్పష్టంగా ఉన్నాయి.

"ఎడమ చెయ్యి," అంది శారోన్.

ఆ పూట స్టూడియో దగ్గర కనపడినవాళ్లు ఇద్దరే. పాస్‌పోర్ట్ ఫోటో కోసం వచ్చిన మోహన్. ముందురోజే దేవసహాయంతో గొడవపడ్డ పోలయ్య. కొబ్బరి దింపు తీసేవాడు. అతను దింపిన గెల పడి స్టూడియో రేకు పగిలింది.

"ఎన్నింటికి వచ్చారు?" మోహన్‌ని అడిగింది.

"పదిన్నరకండి."

"వెళ్లింది?"

"పదకొండు కాకుండానేనండి. వేరే పనుండి ఫోటో తీయించుకోలేదండి."

"ఇక్కడ సంతకం పెట్టండి."

కుడిచేత్తో పెట్టాడు. పంపించేసింది.

పోలయ్యది ఎడమచేతివాటం. ఊళ్లో అందరికీ తెలుసు. జీపు వెళ్లేసరికి చెట్టు మీద ఉన్నాడు.

"దిగు! పోలీస్!" అని కింద నుంచి అరిచింది శారోన్.

బెదిరిపోయాడు. పట్టు తప్పింది. ఎడమ మణికట్టు ఎముక ముక్కలైంది. కట్టుతోనే రిమాండుకు వెళ్లాడు.

పందొమ్మిదో రోజు ఉదయం 9:40. చార్జిషీటు సిద్ధమైంది. మఫ్టీలో ఉన్న కానిస్టేబుల్ ప్రవీణ్ కుమార్ చొక్కా జేబులోంచి పెన్ను తీసి అందించాడు.

శారోన్ పెన్ను తీసుకోలేదు. ఆ జేబు వంకే చూస్తోంది.

"మగాళ్ల చొక్కాకి జేబు ఎటుంటుంది ప్రవీణ్?"

"ఎడంపక్కనండి."

ఫోటో తీసింది. అందులోని మనిషికి జేబు అతని కుడివైపు ఉంది.

పదిన్నరకల్లా సీజ్ చేసిన కెమెరాతో దేవసహాయం ఇంట్లో ఉన్నారు. ఆయన భార్య దీనమ్మ బ్యాక్‌లో ఫిల్మ్ పెట్టింది. శారోన్ యూనిఫాంలో ఎదురుగా నిలబడింది. క్లిక్.

బొమ్మ మెల్లగా తేలింది. గుండె మీది పేరులో అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి.

"ఈ ఫిల్మ్ అద్దంలోంచి ఫోటో తీసే కెమెరాల కోసం చేసిందంటండి," అంది దీనమ్మ. "దీని వెనక తగిలిస్తే మధ్యలో అద్దం ఉండదు కదండీ. కుడి ఎడమైపోద్దని ఆయన నవ్వేవోరు."

"అంటే స్టాండు ఎత్తింది కుడిచేత్తో. మోహన్ గురించి ఆయన మీతో ఏమైనా అన్నారా?"

"ఆ పొద్దున్నే ఫోన్ చేసేరండి. పోయినేడు ఇంకో పేరుతో పాస్‌పోర్ట్ ఫోటో తీయించుకున్నాడంట. అదేంటో గట్టిగా అడుగుతానన్నారు."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"దొంగ దొరికేసేడన్నారు కదమ్మా. ఇంక నన్నెవరూ అడగలేదు."

మోహన్ ఫోన్ స్విచాఫ్. గది ఖాళీ చేసి పన్నెండు రోజులైంది. మోహన్ పేరుతో దేశం దాటినవాళ్లెవరూ ఎయిర్‌పోర్ట్ రికార్డుల్లో లేరు. ఏ పేరుతో దాటాడో చెప్పగలిగిన మనిషి సమాధిలో ఉన్నాడు.

రెండు రోజుల తర్వాత పోలయ్యను వదిలారు. సబ్‌జైలు గేటు దగ్గర అతని భార్య సత్తెమ్మ ఆటోతో నిలబడి ఉంది. అతని ఎడమచేతి వేళ్లు ముడుచుకోవడం లేదు. ఆ చెయ్యి ఇక చెట్టెక్కడానికి పనికిరాదని డాక్టర్ చెప్పేశాడు.

"పోలయ్యా," అంది శారోన్. "నువ్వు చెయ్యలేదని తెలిసిపోయింది."

"ఎప్పుడు తెలిసిందండీ?"

"మొన్న పొద్దున్న."

పోలయ్య తలాడించాడు. గొంతులో కోపం లేదు.

"ఆయ్. నాకు ఆ రోజే తెలుసండి."