వివరణ లేని పద్దు

“రేపటి నుంచి నువ్వు క్లినిక్‌కు రావద్దు మమ్మీ!”

కూతురి మాటకు జ్ఞానమణి చేతిలో కలం ఆగిపోయింది. గన్‌ఫౌండ్రీలోని ఆ దంతవైద్యశాలలో పందొమ్మిదేళ్లుగా ఆమె లెక్కలు రాసిన బల్ల మీద ఆ రోజే ఓ కంప్యూటర్ వచ్చి కూర్చుంది. భర్త ప్రేమ్‌రాజ్ డాక్టరు పోయి ఏడాదైనా కాలేదు... క్లినిక్ ఇప్పుడు కూతురు తబితది.

“లెక్కలు గిట్ల చేత్తోని ఎవరు రాస్తున్నరు? ఒక్కో పద్దు కింద గంత కథ ఎందుకు? అంకె కొడితే చాలు. నువ్వు ఇంట్ల ఆరాంగ ఉండు.”

కథట, కథ! ప్రతి పద్దు కిందా అదెందుకో వివరణ రాయాలని నేర్పింది ఈ పిల్ల తండ్రే కదా! ‘పన్ను తీయించుకున్నందుకు’, ‘సూది పడక కళ్లు తిరిగినందుకు’... “వివరణ లేని పద్దు పేరు పెట్టని పిల్ల లాంటిది మణీ” అనేవాడు. సాయంత్రం ఆమె రాసిన పేజీ చదివి, నవ్వుకుని, ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టేవాడు. ఇంట్లో నోరు విప్పని మనిషి! వాళ్ల కాపురమంతా ఆ జర్నల్ పుస్తకాల్లోనే జరిగిందంటే నమ్మండి. అది కూతురికెలా చెప్పుకుంటుంది? “సరే బిడ్డా” అని కలానికి మూత పెట్టేసింది.

ఆరాం రెండు రోజులే బాగుంటుంది. నాంపల్లి స్టేషన్ వెనక కిరాయి ఇంట్లో వచ్చే రైలూ పోయే రైలూ వింటూ, పొద్దుటి పప్పే సాయంత్రమూ తింటూ... చాదర్‌ఘాట్‌లో కాపురముంటున్న తబిత ఆదివారం చర్చిలో కనబడి, “బాగున్నవా మమ్మీ” అని వెళ్లిపోయేది. బాగుందో లేదో వినే తీరికేదీ!

మూడు నెలలకు, ఓ మధ్యాహ్నం మెట్ల మీద తెలిసిన అడుగుల చప్పుడు! జ్ఞానమణి గుండె గంతులేసింది.

“మమ్మీ, నువ్వు ఇంటికి తెచ్చుకున్న పాత పుస్తకాలల్ల తొంభై ఏడు జర్నల్ ఏది? పాత పేషెంట్ సాయన్న తాత పన్ను తీయించుకోను వచ్చిండు. అప్పట్ల ఏదో సూది పడలేదంట. దాని పేరు మేడమ్ రాసుకున్నదంటుండు. కంప్యూటర్‌ల ఎక్కించిన పాత అంకెలల్ల ఫీజు వాపస్ ఇచ్చినట్టు ఉన్నది గానీ, ఎందుకో లేదు.”

తన కోసం కాదు... పుస్తకం కోసం! “బీరువాల చూడు” అని, తడిసిన కళ్లు కూతురికి కనబడకుండా చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి తబిత నిలుచున్నచోటే కదలకుండా ఉంది. చేతిలో పాత జర్నల్ కాదు, జ్ఞానమణి కోఠిలో కొనుక్కున్న కొత్తది! క్లినిక్ మానేసిన జూన్ నుంచి ప్రతి తేదీ ఉంది. అంకెల గళ్లు ఖాళీ. కింద వివరణ మాత్రం ఉంది... ‘ఎవరూ రానందుకు.’ పేజీ తిప్పితే, ‘ఎవరూ రానందుకు.’ ఆ తర్వాతా అదే!

“ఇదేంది మమ్మీ...” తబిత ఆ పేజీ తల్లి ముందు పట్టింది.

“అలవాటు బిడ్డా... చెయ్యి ఊకుంటలేదు. నీ పుస్తకం బీరువా కింది అరల ఉన్నది, తీసుకపో. తాత ఎదురుచూస్తడు.”

“ఆయనను రేపు రమ్మనే వచ్చిన!” అంటూ తబిత తల్లిని వాటేసుకుని చిన్నపిల్లలా భోరుమంది. చాయ్ చల్లారిపోయింది. కాసేపటికి తబిత కళ్లు తుడుచుకుని, కింద కూర్చుని, ఆ కొత్త పుస్తకంలో ఆ రోజు తేదీ వేసి రాసింది: ‘తబిత వచ్చింది.’

జ్ఞానమణి తొంగిచూసింది. “వివరణ ఏది? గిట్లయితే మీ డాడీ టిక్కు పెట్టడు.”

తబిత కలం ఆగింది. ఆ పుస్తకంలో ‘అమ్మను చూడటానికి’ అని అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. నెమ్మదిగా రాసింది... ‘సూది పేరు కోసం వచ్చి, ఆకలేసి ఉండిపోయినందుకు.’

జ్ఞానమణి రెండుసార్లు చదువుకుంది. బైబిల్లో దాచుకున్న అరిగిపోయిన ఎర్ర పెన్సిలు తీసి టిక్కు పెట్టింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి, ఇద్దరికి సరిపడా బియ్యం కడిగింది.